ఇంట్లోంచి కదలని పిల్లిపిల్లకు టీకాలు కావాలా? తొలి నాలుగు నెలల సంరక్షణ గురించి

మెట్ల కింద దొరికిన పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. తల్లి మళ్ళీ రాలేదు. ఆరు వారాలు ఉండొచ్చని పక్కింటివాళ్ళు అన్నారు. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. పిల్లిని గడప దాటనివ్వం కదా, టీకాలు అవసరమా, అవసరమైతే ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు.

అవసరమే. మొదటి డోసు వచ్చే రెండు వారాల్లో పడాలి. అయితే పిల్లులకు వైద్యం చేస్తున్నవాడిగా నేను ఇంకా గట్టిగా చెప్పదలచుకున్నది చివరి డోసు గురించి. మన ఊళ్ళలో చాలామంది రెండు డోసులు వేయించి, టీకాల పుస్తకం బీరువాలో పెట్టేస్తారు. పదహారు వారాలు నిండాక వేయించాల్సిన డోసు మిగిలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఎందుకో చెప్తాను. పుట్టిన తొలి గంటల్లో తాగిన ముర్రుపాల ద్వారా తల్లి దగ్గరున్న రక్షణ ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, పిల్లకు అందుతాయి. కొన్ని వారాల పాటు పిల్లను కాపాడేవి అవే. కానీ టీకాలో ఉండే బలహీనపరిచిన వైరస్‌ను కూడా అవి శత్రువుగానే చూసి చంపేస్తాయి. దాంతో టీకా పడినా పిల్ల శరీరం సొంతంగా ఏమీ నేర్చుకోదు. తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని పిల్లల్లో ఆరు వారాలకే అయిపోతుంది, కొన్నిటిలో పదహారు వారాల దాకా, అరుదుగా ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. మధ్యలో ఒక దశ వస్తుంది: జబ్బును ఆపేంత యాంటీబాడీలు ఉండవు, టీకాను పాడుచేసేంత మాత్రం ఉంటాయి. ఏ పిల్లకు ఆ దశ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ వెళ్ళి, పదహారు వారాలు దాటాక ఒకటి తప్పకుండా వేస్తాం. ముందు వేసినవాటిలో ఏది పట్టిందో, ఏది పట్టలేదో తెలియదు. చివరిది పట్టే అవకాశమే ఎక్కువ.

మీ పిల్లకు లెక్క వేస్తే ఇలా వస్తుంది. ఎనిమిది వారాలకు మొదటిది, పన్నెండు వారాలకు రెండోది, పదహారు వారాలు నిండాక మూడోది. ఒకప్పుడు ఆ తర్వాతది ఏడాదికి వేసేవాళ్ళం. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆరు నెలలు నిండినప్పుడే ఇంకో డోసు వేయాలి. పదహారు వారాల డోసు కూడా పట్టని పిల్లలు కొన్ని ఉంటాయి. వాటిని ఏడాది దాకా రక్షణ లేకుండా వదిలేయకూడదన్నది దీని ఉద్దేశం. రేబీస్ టీకా వేరు. అది పన్నెండు వారాలు నిండాక వేసి, మన దేశంలో ఏటా వేయిస్తూ ఉండాలి.

మొదట చెప్పిన టీకాను మన క్లినిక్‌లలో ట్రైక్యాట్ అంటారు. మూడు జబ్బులకు ఒకే సూది: పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్ వైరస్, క్యాలిసి వైరస్. చివరి రెండూ జలుబు రకాలు. తుమ్ములు, కళ్ళు అతుక్కుపోవడం, నాలుక మీద పుండ్లు. టీకా వేసినా ఇవి కొద్దిగా రావొచ్చు, ప్రాణం మీదకు మాత్రం సాధారణంగా రావు. పాన్‌ల్యూకోపీనియా అలా కాదు. కుక్కలకు వచ్చే పార్వోకు ఇది దగ్గరి చుట్టం. పేగు లోపలి పొరనూ, ఎముక మజ్జనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు పడిపోతాయి. రాత్రి ఆడుకున్న పిల్ల పొద్దున వాంతి చేసుకుంటుంది. తర్వాత నీళ్ళ గిన్నె మీద తల వాల్చి కూర్చుంటుంది, కానీ తాగలేదు. ఆ భంగిమను ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోలేరు. టీకా పడని చిన్నపిల్లల్లో ఎక్కువ శాతం చనిపోతాయి. వైరస్‌ను నేరుగా చంపే మందు మామూలు క్లినిక్‌లలో ఉండదు. సెలైన్, వాంతులు ఆపే మందులు, యాంటీబయాటిక్స్ ఇస్తూ పిల్ల తట్టుకునేలా చూడటమే మేం చేయగలిగింది.

ఇక గడప దాటనివ్వం అన్న మాటకు వస్తాను. ఈ వైరస్ బయట ఏడాది దాకా బతకగలదు. వీధిలో జబ్బు పిల్లి విసర్జించిన చోట మీరు చెప్పుతో అడుగు వేస్తే చాలు, అది మీతో ఇంట్లోకి వస్తుంది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్, మెట్లు, పార్కింగ్ అన్నీ దానికి దారులే. పైగా మీ పిల్ల దొరికిందే మెట్ల కింద. అంటే ఆ చుట్టుపక్కల టీకాలు లేని పిల్లులు తిరుగుతున్నాయన్నమాట. చెప్పులు గుమ్మం బయటే వదలడం మనకు ఎలాగూ అలవాటే. బయట వేరే పిల్లిని ముట్టుకుంటే చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని ఈ పిల్లను ఎత్తుకోండి. ఇదివరకు మీ ఇంట్లో ఏ పిల్లిపిల్ల అయినా ఇలా వాంతులతో చనిపోయి ఉంటే, ఆ గిన్నెలూ పక్కలూ పారేయండి. నేలను ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై రెండు వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. మామూలు డిటర్జెంట్, డెటాల్ లాంటివి ఈ వైరస్‌ను చంపవు.

టీకా తేదీలన్నీ వయసు మీద ఆధారపడతాయి కాబట్టి పక్కింటివాళ్ళ అంచనాతో సరిపెట్టుకోకండి. నోరు తెరిచి చూడండి. ముందు చిన్న పళ్ళు, పక్కన కోరపళ్ళు వచ్చి, లోపల దవడ పళ్ళు ఇంకా రాకపోతే నాలుగు వారాల దగ్గర ఉన్నట్టు. దవడ పళ్ళు కూడా కనిపిస్తుంటే ఆరు వారాల దాకా వచ్చినట్టే. కళ్ళు పొగనీలం రంగు నుంచి మారడం కూడా ఆరేడు వారాలకే మొదలవుతుంది. బాగా తిన్న పిల్ల నెలకు అర కిలోకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. వీధిలో పెరిగినవి సాధారణంగా ఇంతకంటే తక్కువే ఉంటాయి, కాబట్టి బరువు ఒక్కటే చూసి వయసు తేల్చొద్దు. కానీ బరువు రాసుకోవడం మానొద్దు. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో పిల్లను కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు క్యాలెండర్ మీద రాయండి. ఈ వయసులో బరువు పెరగకపోవడమే జబ్బుకు మొదటి గుర్తు. తగ్గితే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే.

టీకా దాకా ఆగకుండా ఈ వారంలోనే ఒకసారి చూపించండి. జ్వరం ఉందా, చిగుళ్ళు పాలిపోయాయా, చెవుల్లో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి ఉందా, కడుపు ఉబ్బిందా అని చూడాలి. పిల్లికి 100 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే, మన లెక్కతో చూసి జ్వరం అనుకోకండి. వెళ్ళేటప్పుడు ఆ పొద్దుటి మలం కొద్దిగా చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. ఒక్క స్లైడ్ మీద చూస్తే ఏ నులిపురుగులు ఉన్నాయో చాలావరకు తెలుస్తుంది. పిల్లను చేతుల్లో పట్టుకుని ఆటోలో వెళ్ళొద్దు. హారన్ మోగితే దూకేస్తుంది. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట అయినా సరే, లోపల దానికి అలవాటైన పాత చీర ముక్క పరిచి తీసుకెళ్ళండి.

నులిపురుగుల మందు విషయంలో టీకా పడ్డాక చూద్దాంలే అనుకునేవాళ్ళే ఎక్కువ. నిజానికి వరుసలో అదే ముందుంటుంది. గుండ్రటి పురుగులు తల్లి పాల ద్వారానే పిల్లలోకి వస్తాయి, కాబట్టి వీధి పిల్లలన్నిటికీ ఉన్నాయనే అనుకోవాలి. మందు మూడు వారాల వయసు నుంచే ఇవ్వొచ్చు. పాలు మానేసే దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి ఇవ్వాలి. చిన్నపిల్లకు చాలా వరకు పైరాంటెల్ సిరప్ ఇస్తాం. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే అది బద్దెపురుగు, దానికి ప్రాజిక్వాంటెల్ వేరుగా కావాలి. డోసు బరువును బట్టి ఉంటుంది. ఇంట్లో పాప కోసం ఉన్న సిరప్‌ను అందాజుగా పోయొద్దు.

ఆ బద్దెపురుగు ఎక్కువగా ఫ్లీల నుంచి వస్తుంది. ఫ్లీలంటే బొచ్చులో చకచకా పరుగెత్తి గెంతే ముదురు గోధుమరంగు పురుగులు. పురుగు కంటపడకపోతే ఇలా చూడండి: పేల దువ్వెనతో నడుము దగ్గర, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి రవ్వను తడిపిన తెల్లటి దూది మీద వేయండి. మట్టి అయితే నల్లగానే ఉంటుంది. ఫ్లీలు విసర్జించినదైతే నిమిషంలో చుట్టూ ఎర్రటి మరక పాకుతుంది. అది మీ పిల్ల రక్తమే. అరకిలో పిల్ల ఒంట్లో ఉండే రక్తమే కొద్ది, ఫ్లీలు ఎక్కువైతే రక్తహీనతతో పడిపోతుంది. ఎనిమిది వారాల లోపు దానికి ఏ మందైనా డాక్టర్ చెప్పాకే. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా తేలికపాటి సబ్బుతో కడిగి, దువ్వెనతో తీసి, వెంటనే బాగా తుడిచి వెచ్చగా ఉంచండి. పక్క బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఫ్లీ గుడ్లు పిల్లి మీద నిలవవు, పక్క మీద రాలిపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కుక్కల మెడ వెనక వేసే చుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి ఒళ్ళు దాన్ని అరిగించుకోలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. షాపులో ‘చిన్న కుక్కపిల్లది సగం వేయండి, ఏం కాదు’ అని చెప్పినా తీసుకోవద్దు. ప్యాకెట్ మీద పిల్లి బొమ్మ, ఏ వయసు నుంచి వాడొచ్చో ఉంటేనే కొనండి.

పాప ఉంది కాబట్టి రేబీస్ గురించి ఇంకాస్త చెప్పాలి. వీధి నుంచి వచ్చిన పిల్లకు అంతకుముందు ఏ కుక్క కరిచిందో, ఏ పిల్లి కరిచిందో మనకు తెలియదు. పిల్ల చిన్నది కాబట్టి రేబీస్ ఉండదు అన్నది తప్పు. టీకా పడేదాకా పాపను, పిల్లను ఒంటరిగా వదలొద్దు. గీరినా, కరిచినా, చర్మం తెగిన చోట నాకినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. ఆ రోజే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ చర్మంలోకి వేసే టీకాలు 0, 3, 7, 28 రోజుల్లో ఉంటాయి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా గాయం దగ్గర వేయాలి, మీరే అడగండి. పిల్లిని పది రోజులు గమనించమంటారు, గమనించండి, కానీ ఆ పది రోజులు అయ్యాక టీకా చూద్దాం అనుకోవద్దు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. పిల్లికి వేయించే రేబీస్ టీకా ఖరీదైనదేం కాదు. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినానికి, సెప్టెంబర్ 28న రేబీస్ దినానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో చాలాచోట్ల ఉచితంగా వేస్తారు. అయితే మీ పిల్లకు పన్నెండు వారాలు నిండితే ఆ తేదీల కోసం ఆగొద్దు.

పాపకు ఇంకొకటి అంటొచ్చు, తామర. పిల్లి చెవుల మీద, ముక్కు మీద, కాళ్ళ మీద గుండ్రంగా వెంట్రుకలు రాలి పొట్టు లేస్తే చూపించండి. ఇద్దరికీ మందుతో తగ్గిపోతుంది, భయం వద్దు. ఇంట్లో ఎవరైనా గర్భవతిగా ఉంటే పిల్లిని వదిలేయమని పెద్దవాళ్ళు టెన్షన్ పెడతారు. వదిలేయక్కర్లేదు. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలోంచి బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. గర్భవతి కాకుండా ఇంకొకరు పిల్లి విసర్జించే ట్రేను (లిట్టర్ ట్రే) రోజూ శుభ్రం చేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు అంతకంటే పెద్ద దారులు.

టీకా వేసేటప్పుడు మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రైక్యాట్ చిన్న గాజు సీసాలో తెల్లటి ఎండిన బిళ్ళలా ఉంటుంది. దాన్ని ద్రవంతో అప్పటికప్పుడు కలిపి వేయాలి. మీ ముందే ఫ్రిజ్‌లోంచి తీసి కలపమని అడగడంలో తప్పేమీ లేదు. మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకా అది. మన వేసవిలో, కరెంటు పోయే చోట్ల ఇది చిన్న విషయం కాదు. సీసా మీది స్టిక్కర్ పీకి పుస్తకంలో అంటించి, తేదీ, సంతకం పెట్టించుకోండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ముఖం వాచినా, వాంతులైనా, ఊపిరి కష్టమైనా అక్కడికక్కడే చూస్తారు. ఆ రోజూ మర్నాడూ కాస్త మందకొడిగా ఉండటం మామూలే. సూది వేసిన చోట చిన్న గడ్డ వస్తే తేదీ రాసుకోండి. మూడు నెలలైనా ఉన్నా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా చూపించాలి.

ఒకటి మాత్రం ముందే కనుక్కోండి. చిన్న ఊళ్ళలో రేబీస్ టీకా దొరుకుతుంది కానీ పిల్లుల ట్రైక్యాట్ అందరి దగ్గరా ఉండదు, అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి తెప్పించరు. వారం ముందు ఫోన్ చేస్తే తెప్పిస్తారు. హైదరాబాద్‌లో ఉంటే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, గరివిడి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలల్లో అడగొచ్చు.

తిండి గురించి మీరు అడగలేదు, కానీ పాలన్నం పెడుతున్నామని రాశారు. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లులకు విరేచనాలు తెప్పిస్తాయి. పాలు మానేయండి, నీళ్ళు పెట్టండి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ పిల్లికి కావాల్సిన టారిన్ అనే పోషకం అన్నంలో, పప్పులో ఉండదు, మాంసంలోనే ఉంటుంది. అది లేక పిల్లుల గుండె కండరం సాగిపోతుందని 1987లోనే తేలింది. చూపు కూడా పోతుంది. శాకాహారం ఇల్లయితే ప్యాకెట్ కిటెన్ ఫుడ్ వాడండి, నీళ్ళలో నానబెట్టి రోజుకు నాలుగుసార్లు. కుక్కల ఫుడ్ పనికిరాదు.

ఇంట్లో తీసి దాచాల్సినవి: పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. జ్వరం ఉందని ముక్క వేయొద్దు, కింద పడితే వెతికి తీయండి. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, కాబట్టి ఫినాయిల్ మానేయండి. బీరువాలో కలరా ఉండలు, పూజ దగ్గర కర్పూరం అందకుండా పెట్టండి. బొకేల్లో వచ్చే లిల్లీలు కిడ్నీలను పాడుచేస్తాయి. మన ఇళ్ళలో ఎక్కువగా మరిచిపోయేది పూల దారం. దేవుడి పటానికి వేసిన మల్లెదండ వాడాక పిల్లి లాగి నమిలి దారం మింగేస్తుంది. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలికి వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని బయటకు ఉమ్మలేదు. అది పేగును కుచ్చుపెట్టినట్టు ముడిచి కోసేస్తుంది. నోటి దగ్గరో, మలద్వారం దగ్గరో దారం కనిపిస్తే లాగొద్దు, కత్తిరించొద్దు, అలాగే తీసుకెళ్ళండి.

ఆడపిల్ల అయితే నాలుగో నెలలోనే ఎదకు రావొచ్చు. రెండు నెలలు తిరిగేసరికి ఈనుతుంది. ఒక్క కాన్పు అయ్యాక ఆపరేషన్ చేయిస్తే మంచిదన్న మాటకు ఆధారం లేదు. ఆరు నెలలలోపు చేయించిన పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా తగ్గుతుంది. పదహారు వారాల డోసు పడ్డాక, ఐదో నెలలో చేయించండి. మగదైనా అంతే. ఇంట్లో మూత్రం చిమ్మే అలవాటు పడకముందే చేయించాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే లుకేమియా వైరస్, ఎఫ్ఐవీ (రెండూ పిల్లి నుంచి పిల్లికి అంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్‌లు) పరీక్ష అయ్యేదాకా, కనీసం రెండు వారాలు, వేరే గదిలో వేరే గిన్నెలతో ఉంచండి.

తెల్లవారేదాకా ఆగకూడనివి కొన్ని చెప్తాను. ఈ వయసు పిల్ల ఒక పూటంతా తినకపోతే, రెండుసార్ల కంటే ఎక్కువ వాంతి చేసుకుంటే, ఒళ్ళు చల్లబడితే, చిగుళ్ళు తెల్లగా మారితే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే రాత్రయినా బయలుదేరండి. దారిలో వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి బుట్టలో పక్కన పెట్టండి. బలవంతంగా నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికి చేరే ముందే ఫోన్ చేసి పిల్ల బరువెంతో చెప్పండి, మీరు వెళ్ళేసరికి మందు లెక్కకట్టి సిద్ధంగా ఉంచుతారు.